హెపటైటిస్ సి మూడో రకం: రిపోర్టులో చూడవలసిన అంకె ఏది?

ప్రశ్న: మా అన్నయ్యకు 56 ఏళ్లు. మూడు నెలల కిందట కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి ఆసుపత్రిలో చేర్చినప్పుడు హెపటైటిస్ సి ఉందనీ, కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దశకు చేరిందనీ చెప్పారు. ఇప్పుడు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలతో పొట్టలో నీరు అదుపులో ఉంది. మనిషి తెలివిగానే మాట్లాడుతున్నాడు. తాజా రిపోర్టులో వైరస్ ‘జీనోటైప్ 3’ అని వచ్చింది. దాని చుట్టూ నేనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అదే కాగితం మీద బిలిరుబిన్ 2.8, ఆల్బుమిన్ 2.6, ఐఎన్ఆర్ 1.6, క్రియాటినిన్ 1.0, హీమోగ్లోబిన్ 11.2 అని ఉన్నాయి. డాక్టరు గారు సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్రకు తోడుగా రిబావిరిన్ కూడా 12 వారాలు వాడాలన్నారు. మాకు తెలిసిన ఒకాయనకు ఒకటో రకం వైరస్ ఉంటే రోజుకు ఒక్క మాత్రతోనే నయమైంది. మూడో రకం చెడ్డదని ఒకచోట, తేలికగా లొంగుతుందని మరొకచోట చదివాను. కొత్త మందులు అన్ని రకాలకూ పనిచేస్తాయి కాబట్టి రకం సంగతి పట్టించుకోనక్కరలేదని ఇంకొకరు అన్నారు. జీనోటైప్ పరీక్ష మరోచోట మళ్లీ చేయించమంటారా? అన్నయ్య కాలేయం ఇంతగా పాడవడానికి ఈ రకమే కారణమా? నా కాలేయంలో కొంత భాగం ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ముందు మార్పిడి చేయించాలా, ముందు మందులు వాడాలా? — ఒక చెల్లెలు

సమాధానం: మీరు రిపోర్టులోని అంకెలన్నీ పొల్లుపోకుండా రాసి పంపారు కనుక ఊహలతో పనిలేకుండా వాటి మీదే ఆధారపడి సమాధానం చెప్పగలుగుతున్నాను. ముందుగా మీకు కావలసిన రెండు ముక్కలు చెప్పేస్తాను. మీ అన్నయ్య గారికి రాసిన చికిత్స, రిబావిరిన్‌తో సహా, ఆయన పరిస్థితికి తగినదే. జీనోటైప్ పరీక్ష మళ్లీ చేయించవలసిన అవసరం లేదు. ఇక ఎర్ర సున్నా విషయానికి వస్తే, అది చుట్టవలసింది ‘జీనోటైప్ 3’ చుట్టూ కాదు, దాని కింద ఉన్న ఆల్బుమిన్ 2.6 చుట్టూ. ఎందుకలా అంటున్నానో, అలాగని ఆ మూడో రకాన్ని పూర్తిగా ఎందుకు పక్కన పెట్టలేమో కొంచెం వివరంగా చెబుతాను.

హెపటైటిస్ సి వైరస్‌ను శాస్త్రవేత్తలు 1989లో గుర్తించారు. అంతకుముందు, రక్తం ఎక్కించుకున్న తరువాత కొందరిలో వచ్చే కాలేయవాపును ‘ఏ కాదు, బి కాదు’ అని మాత్రమే పిలిచేవారు. ఈ వైరస్ జన్యుపదార్థం సుమారు 9,600 అక్షరాల పొడవున్న ఒంటి ఆర్ఎన్ఏ పోగు. ఆ పోగుకు నకళ్లు తీసే ఎంజైముకు తాను రాసినదాన్ని తిరిగి సరిచూసుకునే గుణం లేదు. ప్రూఫులు దిద్దకుండా ఏళ్ల తరబడి అచ్చు మీద అచ్చు వేస్తూ పోయిన పుస్తకంలో తప్పులు ఎలా పేరుకుపోతాయో, ఈ వైరస్‌లోనూ శతాబ్దాల పాటు మార్పులు అలాగే పేరుకుని, ఒకదానితో ఒకటి బాగా తేడా ఉన్న వంశాలుగా అది చీలిపోయింది. ఆ వంశాలనే జీనోటైపులు అంటాం. ఇప్పటికి ఎనిమిది ప్రధాన రకాలు, వాటిలో 90కి పైగా ఉపరకాలు తెలుసు. ఒక ప్రధాన రకానికీ మరొక దానికీ జన్యు అక్షరాలలో దాదాపు 30 శాతం తేడా ఉంటుంది. ఒకటో రకం ప్రపంచంలో అన్నిటికంటే విస్తారంగా ఉంది. మూడో రకం దక్షిణాసియాలోను, నాలుగోది ఈజిప్టు, మధ్య ఆఫ్రికా ప్రాంతాలలోను, ఐదోది దక్షిణాఫ్రికాలోను, ఆరోది ఆగ్నేయాసియాలోను ఎక్కువగా కనిపిస్తాయి. ఎనిమిదో రకాన్ని 2018లోనే, పంజాబు మూలాలున్న కొద్దిమంది రోగులలో గుర్తించారు.

అంటే జీనోటైప్ అన్నది వైరస్ ఇంటిపేరు. కాలేయం ఎంత దెబ్బతిన్నదో ఆ ఇంటిపేరు చెప్పదు. మొదటి రకం నుంచి రెండోది, రెండో దాని నుంచి మూడోది అని ఇవి జబ్బు ముదిరే మెట్లు కావు. క్యాన్సర్ దశలకు వాడే అంకెలతో వీటిని కలిపేసుకుని, ‘మూడో స్టేజీ అట’ అని కన్నీళ్లతో వచ్చే కుటుంబాలను నేను ఎన్నోసార్లు చూశాను. మీరు అలా పొరబడలేదు; అయినా ఇది చదివే వేరేవారి కోసం ఈ మాట రాస్తున్నాను.

ఇక మీరు చదివిన రెండు పరస్పర విరుద్ధమైన మాటల సంగతి. ఆ రెండూ వాటి వాటి కాలానికి నిజమే. సుమారు 2011 వరకు ఈ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ సూదిమందు, రిబావిరిన్ మాత్రలే చికిత్స. ఆ రోజులలో ఒకటో రకం మొండిది: 48 వారాలు వాడినా సగం మందికి కూడా పూర్తిగా తగ్గేది కాదు. రెండు, మూడు రకాలు 24 వారాలలోనే, నూటికి 70, 80 మందిలో లొంగిపోయేవి. అందుకే పాత రాతలలో మూడో రకం ‘మంచి రకం’గా కనిపిస్తుంది. తరువాత నేరుగా వైరస్ మీదే పనిచేసే మాత్రలు వచ్చాయి. 2013లో సోఫోస్‌బువిర్, ఆ మరుసటి ఏడాది దానికి లెడిపాస్విర్ కలిపిన మాత్ర, 2016లో వెల్పటాస్విర్ కలిపిన మాత్ర వరుసగా అనుమతి పొందాయి. వీటితో ఒకటో రకం ఇట్టే లొంగిపోతుండగా, మూడో రకం, ముఖ్యంగా సిర్రోసిస్ ఉన్నవారిలో, కొంచెం వెనకబడింది. లెడిపాస్విర్ మూడో రకం మీద అంత బలంగా పనిచేయదు. ఆ విధంగా ‘మంచి రకం’ కాస్తా కొన్నేళ్లలోనే ‘చెడ్డ రకం’ అయిపోయింది. వైరస్ మారలేదు, మన చేతిలోని మందు మారింది. మీరు చదివిన వ్యాసం ఏ సంవత్సరం నాటిదో చూడండి; చిక్కుముడి సగం అక్కడే విడిపోతుంది.

మీ అన్నయ్య కాలేయం ఇలా కావడానికి మూడో రకమే కారణమా అని అడిగారు. కారణం వైరస్. ఆ రకం దానికి కొంత వేగం జోడించి ఉండవచ్చు. మూడో రకానికి ఒక ప్రత్యేక స్వభావం ఉంది: కాలేయకణాలలో కొవ్వు జీవక్రియను అది నేరుగా కలవరపెట్టి, అక్కడ కొవ్వు పేరుకునేలా చేస్తుంది. మిగిలిన రకాలు సోకినవారిలో కాలేయంలో కొవ్వు చేరితే దానికి చాలావరకు స్థూలకాయం, మధుమేహం, మద్యం వంటి వేరే కారణాలు ఉంటాయి. మూడో రకంలో మాత్రం వైరసే ఆ పని చేయగలదు. రక్తంలో వైరస్ ఎంత ఎక్కువగా ఉంటే కొవ్వు అంత ఎక్కువగా ఉండటం, వైరస్ పోగానే అది కూడా తగ్గడం దీనికి బలమైన సాక్ష్యం. అమెరికాలో మాజీ సైనికుల వైద్యవ్యవస్థలోని లక్షకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటో రకంతో పోలిస్తే మూడో రకం ఉన్నవారిలో సిర్రోసిస్ ముప్పు సుమారు 31 శాతం, కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 80 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఈ 80 శాతాన్ని చూసి బెదరకండి. నూటికి 80 మందికి క్యాన్సర్ వస్తుందని దాని అర్థం కాదు. ఒకటో రకం వారిలో ఒక వ్యవధిలో పది మందికి వస్తే, అంతే సంఖ్యలో ఉన్న మూడో రకం వారిలో పద్దెనిమిది మందికి వచ్చిందని అర్థం.

దానితో పాటు, ఏ రకం వైరస్ అయినా ఒక మనిషిలో సిర్రోసిస్ దాకా వెళ్లడానికి ఎన్నేళ్లుగా ఒంట్లో ఉన్నది, మద్యం అలవాటు, మధుమేహం, అధిక బరువు, తోడుగా హెపటైటిస్ బి గాని హెచ్ఐవి గాని ఉండటం ఇవన్నీ కారణమవుతాయి. దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉన్నవారిలో 20 ఏళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి సిర్రోసిస్ వచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ ఏళ్లన్నీ రోగికి తెలియకుండానే గడిచిపోతాయి, ఎందుకంటే కాలేయం నొప్పితో మొరపెట్టుకునే అవయవం కాదు. కనుక ‘ముందే ఎందుకు గమనించలేదు’ అని మీరు గాని, మీ వదిన గారు గాని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్లీ ఎదురుగా పెట్టుకుని ఒక లెక్క చేద్దాం. కాలేయం శక్తిని కొలవడానికి చైల్డ్-పగ్ అనే స్కోరు ఉంది. దానిలో అయిదు అంశాలకు ఒక్కొక్కదానికి 1 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మార్కులు పెరిగిన కొద్దీ పరిస్థితి బరువైనదని అర్థం. మీ అన్నయ్య బిలిరుబిన్, అంటే కామెర్ల తీవ్రతను చూపే అంకె, 2.8; అది 2కు 3కు మధ్య ఉంది కనుక 2 మార్కులు. ఆల్బుమిన్ 2.8 కంటే తక్కువగా, 2.6 దగ్గర ఉంది కనుక పూర్తి 3. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చూపే ఐఎన్ఆర్ 1.6, అది 1.7 లోపలే ఉంది కనుక 1. పొట్టలో నీరు మందులతో అదుపులో ఉంది కనుక 2. మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడు కనుక 1. మొత్తం 9. అయిదు, ఆరు మార్కులైతే ఏ తరగతి, ఏడు నుంచి తొమ్మిది వరకు బి తరగతి, పది, ఆపైన అయితే సి తరగతి. మీ అన్నయ్య బి తరగతి చివరి మెట్టు మీద ఉన్నారు. రేపు ఆయన పగలంతా మగతగా ఉండి, రాత్రంతా మేలుకుని, మాట తడబడటం మొదలైతే ఇంకొక మార్కు చేరి సి తరగతిలోకి వెళతారు. ఆ తేడాయే నన్ను ఆందోళనకు గురిచేస్తుంది. జీనోటైప్ ఒకటా, మూడా అన్నది ఆ తరువాతి మాట.

ఆల్బుమిన్‌నే ఎందుకు పట్టుకుని చెబుతున్నానంటే, అది కాలేయం రోజూ తయారుచేయవలసిన ప్రోటీను. అది 2.6కు పడిపోయిందంటే కాలేయం రోజువారీ పని చేయలేకపోతోందని అర్థం. రక్తనాళాలలో నీటిని పట్టి ఉంచే పనిలో ఈ ప్రోటీనుది పెద్ద భాగం. అది తగ్గడం, గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పారక వెనక ఒత్తిడి పెరగడం కలిసి, నీరు పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. మీ అన్నయ్య కాలి చీలమండ పైభాగాన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీసి చూడండి. గుంట పడి నెమ్మదిగా నిండుతున్నట్లయితే నీరు ఇంకా ఉన్నట్లే. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు, మీరు వారానికి ఒకసారి చేయవచ్చు. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక బరువు చూసి ఒక పుస్తకంలో రాయడం ఇంకా మంచిది. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు.

ఈ నేపథ్యంలోనే రిబావిరిన్ ఎందుకన్నది చూడాలి. ‘కొత్త మందులు అన్ని రకాలకూ పనిచేస్తాయి’ అని మీతో అన్నవారి మాట చాలామంది రోగుల విషయంలో నిజం. సిర్రోసిస్ లేనివారికి, ఉన్నా కాలేయం తన పని తాను చేసుకుపోతున్నవారికి ఈ మందులతో నూటికి 95 మంది దాకా పూర్తిగా నయమవుతారు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల అలాంటి వారికి జీనోటైప్ పరీక్ష లేకుండానే చికిత్స మొదలుపెడుతున్నారు. ఆ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే పరీక్ష కోసం ఆగి మధ్యలో రావడం మానేసినవారు చాలామంది ఉన్నారు. కాని మీ అన్నయ్య ఆ కోవలోకి రారు. పొట్టలో నీరు చేరిన సిర్రోసిస్, దానికి తోడు మూడో రకం, ఈ రెండూ కలిసిన చోట మాత్రం రకం ఇంకా లెక్కలోకి వస్తుంది.

దానికి ఆధారం ఉంది. 2015లో ఫలితాలు వెలువడిన ఆస్ట్రల్-4 అనే మందుల ప్రయోగంలో చైల్డ్-పగ్ బి తరగతి సిర్రోసిస్ ఉన్న 267 మందిని మూడు జట్లుగా విభజించారు. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ మాత్రమే 12 వారాలు వాడినవారిలో 83 శాతం, వాటికి రిబావిరిన్ కలిపి 12 వారాలు వాడినవారిలో 94 శాతం, రిబావిరిన్ లేకుండా 24 వారాలు వాడినవారిలో 86 శాతం మందికి వైరస్ పోయింది. ఇందులో మూడో రకం వారిని విడదీసి చూస్తే తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది: రిబావిరిన్ లేని 12 వారాల జట్టులో సగం మందికే తగ్గింది, రిబావిరిన్ కలిపిన జట్టులో 85 శాతం మందికి తగ్గింది, 24 వారాలు పొడిగించినా రిబావిరిన్ లేని జట్టులో మళ్లీ సగం మందికే తగ్గింది. మూడో రకం వారు ఒక్కొక్క జట్టులో 12 నుంచి 14 మందే ఉన్నారు కనుక ఈ శాతాలను అక్షరాలా పట్టుకోకూడదు. కాని తేడా ఏ దిక్కున ఉన్నదో స్పష్టంగానే ఉంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు పొట్టలో నీరు, కామెర్లు, మగత వంటివి ఒకసారైనా కనిపించిన సిర్రోసిస్ రోగులకు రిబావిరిన్ కలపమని చెప్పడానికి ఇలాంటి ఫలితాలే పునాది. మీకు తెలిసిన ఆ పెద్దాయనకు ఒకే మాత్రతో నయమైందంటే ఆయన వైరస్ రకం వేరు, బహుశా ఆయన కాలేయం స్థితి కూడా వేరు. ఆయనకు తగ్గినట్లే మీ అన్నయ్యకూ తగ్గాలంటే ఆయన వాడిన మందే వాడాలన్న నియమం లేదు.

మూడో రకం ఎందుకిలా మొండికేస్తుంది? వెల్పటాస్విర్ వంటి మందులు వైరస్‌లోని ఎన్ఎస్5ఏ అనే ప్రోటీనును పట్టుకుంటాయి. ఆ ప్రోటీను గొలుసులో 93వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారిపోయిన వైరస్ కొందరిలో ముందునుంచే ఉంటుంది. ఆ మార్పు మూడో రకంలో మందు పట్టును బాగా సడలిస్తుంది. కాలేయం గట్టిపడినప్పుడు రక్తంలో కొంత భాగం కాలేయకణాలను తాకకుండానే పక్కదారిన పోవడం దీనికి తోడవుతుంది.

రిబావిరిన్ ఉచితంగా వచ్చే మేలు కాదు, దానికి మనం చెల్లించేది హీమోగ్లోబిన్. ఈ మందు ఎర్ర రక్తకణాలను చితికేలా చేసి రక్తహీనత తెస్తుంది. మీ అన్నయ్యకు 11.2తోనే మొదలవుతోంది కనుక మొదటి నెలలో కనీసం రెండు వారాలకొకసారి, వీలైతే వారానికొకసారి రక్తపరీక్ష జరగాలి. ఆయాసం, గుండెదడ, మెట్లెక్కితే కళ్లు తిరగడం కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. మోతాదు తగ్గించడం తరచు జరిగేదే, దానివల్ల చికిత్స విఫలమైనట్లు కాదు. కాని డాక్టరుకు చెప్పకుండా రిబావిరిన్ మీరే మానిపించి, రెండో మాత్ర ఒక్కటే కొనసాగించడం మాత్రం చేయకండి. రిబావిరిన్ అసలే పడకపోతే మిగిలిన మాత్రను 24 వారాలకు పొడిగించే మార్గం ఉంది, ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి. ఇంకొక మాట: ఈ మందు గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది. వాడేది పురుషుడైనా సరే, చికిత్స కాలంలోను, ఆ తరువాత ఆరు నెలల వరకు భార్య గర్భం ధరించకుండా జాగ్రత్తపడాలి. మీ అన్నయ్య వయసుకు ఇది వర్తించకపోవచ్చు, ఇదే మందు వాడుతున్న చిన్నవయసు వారికి ఇది తప్పనిసరి.

మందుల చీటీ చదివేటప్పుడు గమనించవలసింది ఇంకొకటి ఉంది. ‘ప్రెవిర్’ అని ముగిసే పేర్లున్న మందులు, ఉదాహరణకు గ్లెకాప్రెవిర్, సిర్రోసిస్ ముదరని రోగులకు చక్కగా పనిచేస్తాయి. కాని బి, సి తరగతుల రోగులకు అవి ఇవ్వకూడదు. దెబ్బతిన్న కాలేయంలో వాటి మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరిగిపోతుంది. ఎవరైనా ఎనిమిది వారాలలో తగ్గే మందు ఉందని చెప్పి ఈ కోవలోని మాత్ర తెచ్చిపెడితే వద్దనండి.

చికిత్స మొదలయ్యే ముందు హెపటైటిస్ బి పరీక్ష జరిగిందో లేదో అడగండి. సి వైరస్ వెనక్కి తగ్గగానే, అంతవరకు అణిగి ఉన్న బి వైరస్ విజృంభించిన సంఘటనలు ఉన్నాయి. ముదిరిన కాలేయానికి అది తట్టుకోలేని దెబ్బ. అలాగే ఆయన వాడుతున్న మాత్రలన్నీ, కడుపుమంటకు వాడేవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు బల్ల మీద పోయండి. ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు వెల్పటాస్విర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఈ మందుల ప్రభావాన్ని దాదాపు హరించివేస్తాయి. గుండె లయ తప్పినవారికి ఇచ్చే అమియోడరోన్ సోఫోస్‌బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రాణాపాయంగా పడిపోవచ్చు. ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి అసలు వద్దు. నీరు చేరిన సిర్రోసిస్‌లో అవి మూత్రపిండాలను ఉన్నట్టుండి దెబ్బతీస్తాయి. నిద్రమాత్రలు కూడా వద్దు.

జీనోటైప్ పరీక్ష మళ్లీ ఎందుకు వద్దన్నానో చెప్పలేదు. ఒకసారి సోకిన వైరస్ రకం కాలం గడిచినా మారదు. రిపోర్టు స్పష్టంగా 3 అని చెప్పింది, చికిత్స దానికి తగినట్లే ఉంది. మరోచోట నమూనా ఇచ్చి, ఫలితం కోసం ఆగి, రెండూ పోల్చి చూసే వారాలలో మీ అన్నయ్య తొమ్మిదో మార్కు నుంచి పదో మార్కుకు జారిపోవచ్చు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ పరిమాణం, మరీ తక్కువగా ఉన్నప్పుడు ‘రకం తేల్చలేకపోయాం’ అని రిపోర్టు వస్తుంది, అప్పుడు కూడా అన్ని రకాలకూ పనిచేసే మందుతో ముందుకు పోవడమే మేలు. చికిత్స ముగిశాక వైరస్ మళ్లీ కనిపిస్తే మాత్రం ఈ పరీక్ష విలువైనది: పాత రకమే కనిపిస్తే పాత వైరస్ తిరగబెట్టి ఉండవచ్చు, కొత్త రకం కనిపిస్తే కొత్తగా సోకినట్లు లెక్క. ఒకసారి నయమైనంత మాత్రాన ఈ వైరస్ మళ్లీ సోకకుండా రక్షణ ఏర్పడదు, దీనికి టీకా కూడా లేదు.

ముందు మార్పిడా, ముందు మందులా అన్నది మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. దీనికి జీనోటైప్‌తో సంబంధం తక్కువ. ఇక్కడ చూసేది మెల్డ్ అనే స్కోరు. బిలిరుబిన్, ఐఎన్ఆర్, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ అంకెలతో లెక్కకట్టేది. మీరు పంపిన అంకెలతో మీ అన్నయ్య స్కోరు సుమారు 16 వస్తుంది. ఈ స్కోరు 18, 20 లోపల ఉన్నవారికి సాధారణంగా ముందు వైరస్‌కు చికిత్స చేస్తారు. అంతకు పైబడి, మార్పిడి ఆరు నెలల లోపే జరిగే అవకాశం ఉంటే ముందు మార్పిడి చేసి, కొత్త కాలేయం కుదురుకున్నాక వైరస్ మందులు ఇస్తారు. దీని వెనక ఉన్న తర్కం ఇది. వైరస్ పోయాక కొందరిలో ఆల్బుమిన్ పెరిగి, నీరు తగ్గి, మార్పిడి అవసరమే లేకుండా పోతుంది. మరికొందరిలో వైరస్ పోయి, స్కోరు కొద్దిగా తగ్గి, మార్పిడి కోసం ఎదురుచూసేవారి జాబితాలో వెనక్కి జరుగుతారు గాని ఒంట్లో కష్టాలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. ఎవరు ఏ కోవలోకి వస్తారో ముందుగా కచ్చితంగా చెప్పలేం కనుక, మందులు మొదలుపెట్టడంతో పాటే మార్పిడి చేసే కేంద్రంలో ఆయన పేరు, అంకెలు నమోదు చేయించి ఉంచడం మంచిదని నా సలహా. ఈ రెండిటిలో ఒకటే ఎంచుకోవాలని లేదు.

వైరస్ రక్తంలో ఉండగా మార్పిడి చేస్తే, కొత్త కాలేయానికి కూడా అది దాదాపు తప్పకుండా సోకుతుంది. మార్పిడికి ముందు కనీసం 30 రోజుల పాటు రక్తంలో వైరస్ కనిపించకుండా ఉంటే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. మీలాంటి జీవదాత ఉన్నప్పుడు శస్త్రచికిత్స తేదీని మనమే నిర్ణయించుకునే వీలుంటుంది కనుక ఈ వ్యవధిని పాటించడం తేలిక. ఇది మీ అన్నయ్యకు నిజంగా పెద్ద వరం.

చికిత్స ముగిసిన 12 వారాలకు వైరస్ ఆర్ఎన్ఏ పరీక్ష చేయించాలి. అప్పటికి కనిపించకపోతే నయమైనట్లే. ఆ తేదీ ఇప్పుడే లెక్కకట్టి ఫైలు మీద రాసిపెట్టండి. ఆ సమయంలో ఆర్ఎన్ఏ పరీక్షకు బదులు యాంటీబాడీ పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చి భయపడతారు. యాంటీబాడీలు నయమైన తరువాత కూడా ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం మిగిలే ఉంటాయి. వైరస్ పోయినా సిర్రోసిస్ ఉన్న కాలేయంలో క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు, తగ్గుతుంది. కనుక ప్రతి ఆరు నెలలకు అల్ట్రాసౌండ్ పరీక్ష జీవితాంతం కొనసాగాలి. మూడో రకం విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెబుతాను. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయేమో ఎండోస్కోపీతో చూడటం ఇంకా జరగకపోతే అది వెంటనే జరగాలి. రక్తపు వాంతి, నల్లటి తారు లాంటి మలవిసర్జన, జ్వరంతో పాటు పొట్టనొప్పి, తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆహారం గురించి రెండు ముక్కలు. ఉప్పు రోజుకు మొత్తం మీద 5 గ్రాములు దాటకూడదు. మాంసకృత్తులు తగ్గించకండి, కాలేయం చెడితే అవి మానాలన్న పాత సలహా కండను కరిగించి మనిషిని మరింత నీరసింపజేస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు కొద్దిగా ఏదైనా తినిపించండి, ఎందుకంటే రాత్రి పొడుగునా ఖాళీ కడుపుతో ఉంటే ఈ కాలేయం నిల్వలు లేక కండనే ఇంధనంగా వాడుకుంటుంది. మద్యం ఒక్క చుక్క కూడా వద్దు.

చివరగా మీ గురించి. కాలేయం ఇవ్వాలనుకునేవారు తాము ఆరోగ్యంగా ఉన్నారని రుజువు చేసుకోవాలి, మీ రక్తపరీక్షలలో హెపటైటిస్ సి పరీక్ష కూడా ఉంటుంది. కలిసి తినడం వల్ల, కౌగిలించుకోవడం వల్ల, ఒకే ఇంట్లో ఉండటం వల్ల ఈ వైరస్ సోకదు; అది రక్తం ద్వారానే సోకుతుంది. అయితే శుభ్రం చేయని సూదులతో ఇంజెక్షన్లు ఇచ్చిన చోట గాని, పరీక్షించని రక్తం ఎక్కించిన చోట గాని మీ అన్నయ్యకు ఇది సోకి ఉంటే, చిన్నతనంలో ఇద్దరూ ఒకే చోట సూదిమందు వేయించుకుని ఉండే అవకాశం ఉంది. కాబట్టి దానం సంగతి తేలే దాకా ఆగకుండా, మీ అన్నయ్యకు రక్తం తీసే తదుపరి రోజునే మీరూ, మీ మిగిలిన తోబుట్టువులూ యాంటీబాడీ పరీక్షకు రక్తం ఇవ్వండి.